వీధుల సేనాని - జార్జ్ వేరింగ్

నగరమంటే మేడలు, రాజమార్గాలు, అంగళ్లు, ఉద్యానవనాలు మాత్రమే కావు. ప్రతి ఉదయం నగరంలో లక్షల పొయ్యిలు వెలుగుతాయి. సంతల్లో సరకు అమ్ముడవుతుంది. కర్మాగారాల్లో పని సాగుతుంది. పొద్దు గూకే సరికి వాటన్నిటి శేషం వీధిలోకి చేరుతుంది. ఆ శేషం ఎక్కడికి పోవాలి? దాన్ని ఎవరు తీసుకుపోవాలి? అందులో తిరిగి వాడుకోదగినదెంత? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకని నగరం ఎంత సంపన్నమైనదైనా రోగాల పాలు కాక తప్పదు. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో అమెరికాలోని న్యూయార్క్ నగరం అటువంటి దుస్థితిలోనే ఉంది. ఆ నగరానికి మూడేళ్ల వ్యవధిలో శుభ్రతను, క్రమశిక్షణను నేర్పి, చెత్తను ఇంటివద్దనే వేరుచేసే పద్ధతిని అమలు చేసి చూపిన ఇంజనీరు కల్నల్ జార్జ్ ఎడ్విన్ వేరింగ్.

వేరింగ్ 1833 జూలై 4వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని పౌండ్ రిడ్జ్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. అది అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. తండ్రి ఇనుప పొయ్యిలు తయారుచేయించే వ్యాపారి. వేరింగ్ మనసు మాత్రం వ్యాపారం మీదికంటె వ్యవసాయం మీదికి పోయింది. నేల సారాన్ని రసాయన శాస్త్ర దృష్టితో పరిశీలించే విద్య ఆ కాలంలో అమెరికాలో అప్పుడప్పుడే వేళ్లూనుకొంటున్నది. ఆయన జేమ్స్ మేప్స్ అనే శాస్త్రజ్ఞుని వద్ద వ్యవసాయ రసాయన శాస్త్రాన్ని అభ్యసించాడు. ఇరవై ఒకటో ఏట, అంటే 1854లో, వ్యవసాయ మూలసూత్రాలపై ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. రైతుల మధ్య తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. 1855లో సుప్రసిద్ధ పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీకి చెందిన వ్యవసాయ క్షేత్రానికి నిర్వాహకుడయ్యాడు.

ఈ వ్యవసాయ శిక్షణ ఆయన జీవితంలో ఒక దశగా ముగిసిపోలేదు. అది ఆయన ఆలోచనకు పునాది అయింది. పొలంలో వ్యర్థమనే మాటకు తావు లేదు. పశువుల పేడ, పెంట, రాలిన ఆకు, పొయ్యిలోని బూడిద అన్నీ నేలకే తిరిగి చేరతాయి. నేల వాటిని పంటగా మార్చి మనిషికి తిరిగి ఇస్తుంది. పల్లెలో సహజంగా సాగే ఈ చక్రం పట్టణంలో తెగిపోతుంది. పట్టణం పొలం నుండి తిండిని తెచ్చుకుంటుంది గాని, దాని శేషాన్ని పొలానికి పంపదు. తెగిన ఆ చక్రాన్ని మళ్లీ కలపాలన్న తపన వేరింగ్‌ను జీవితాంతం వెంటాడింది.

1857లో ఆయనకు ఒక అపూర్వమైన అవకాశం లభించింది. న్యూయార్క్ నగరం నడిబొడ్డున సెంట్రల్ పార్క్ అనే మహోద్యానాన్ని నిర్మించాలని నగరపాలకులు సంకల్పించారు. ఆ నిర్మాణానికి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ సారథ్యం వహించాడు. ఉద్యానం కోసం ఎంచుకున్న స్థలంలో చాలా భాగం రాళ్లూ రప్పలూ, బురద గుంటలూ, చిత్తడి నేలలూ. నిలువ నీటిని తొలగించనిదే అక్కడ చెట్టు నాటడం సాధ్యం కాదు. ఆ బాధ్యత ఇరవై నాలుగేళ్ల వేరింగ్‌కు అప్పగించబడింది. ఆయన భూమి లోపల కాల్చిన మట్టి గొట్టాలను వాలుగా పరిపించి, నేలలోని అదనపు నీటిని బయటికి తీయించాడు. నేటికీ కోట్లాది సందర్శకులు సేదదీరుతున్న ఆ పచ్చదనం కింద కంటికి కనిపించని ఆ శ్రమ దాగి ఉంది. నగరానికి అందం పైపైన ఉన్నా, ఆరోగ్యం అడుగున ఉంటుందని ఆయన అక్కడే గ్రహించాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. వేరింగ్ ఉద్యోగాన్ని విడిచి సైన్యంలో చేరాడు. మొదట మేజరుగా పనిచేసి, తరువాత మిస్సోరి అశ్విక దళానికి కల్నల్ అయ్యాడు. ఆ హోదా ఆయన పేరుతో చివరిదాకా నిలిచిపోయింది. వేర్వేరు దేశాల నుండి వచ్చిన, వేర్వేరు భాషలు మాట్లాడే సైనికులను ఒక్క తాటిపై నడిపించడం ఆయన యుద్ధభూమిలో నేర్చుకున్నాడు. ఈ విద్య మూడు దశాబ్దాల తరువాత వేరొక రణరంగంలో అక్కరకు వచ్చింది.

యుద్ధం ముగిసిన తరువాత ఆయన రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్ సమీపాన ఆగ్డెన్ క్షేత్రమనే వ్యవసాయ క్షేత్రాన్ని 1867 నుండి పదేళ్లపాటు నిర్వహించాడు. నీటి పారుదల, మురుగు తొలగింపు, ఇళ్ల పారిశుద్ధ్యం మొదలైన విషయాలపై విరివిగా రాశాడు. పొడి మట్టిని ఉపయోగించే మరుగుదొడ్లను ప్రచారం చేశాడు. అలా మట్టితో కలిసిన వ్యర్థం దుర్గంధం లేకుండా ఎరువుగా మారుతుందని ఆయన వివరించాడు. 1880 జనాభా లెక్కల సందర్భంగా రెండు వందలకు పైబడిన అమెరికన్ నగరాల నీటి సరఫరా, మురుగు కాలువలు, చెత్త తొలగింపు వివరాలను సేకరించి పెద్ద నివేదికను రూపొందించే భారం ఆయనపై పడింది. ఆ పనితో దేశంలోని నగరాలన్నిటి లోగుట్టు ఆయనకు తెలిసివచ్చింది. చాలా పట్టణాలు చెత్తను పక్కనున్న నదిలోనో, చెరువులోనో, ఊరి వెలుపలి పల్లంలోనో పారవేసి, పని పూర్తయిందని భావిస్తున్నాయి.

ఇదే కాలంలో మెంఫిస్ నగరం ఆయనకు దేశవ్యాప్తమైన పేరు తెచ్చింది. 1878లో ఎల్లో ఫీవర్ అని పిలిచే పచ్చజ్వరం ఆ నగరంలో విజృంభించి ఐదు వేల మందికి పైగా బలిగొన్నది. వేలాది ప్రజలు ఊరు విడిచి పారిపోయారు. మరుసటి సంవత్సరం నగరం దివాలా తీసి తన పురపాలక హోదాను సైతం కోల్పోయింది. 1880లో అక్కడి మురుగునీటి వ్యవస్థను నిర్మించే పని వేరింగ్ చేపట్టాడు. వాననీటిని, ఇళ్ల మురుగును ఒకే పెద్ద కాలువలో కలపకుండా, ఇళ్ల మురుగు కోసం ప్రత్యేకంగా సన్నని గొట్టాలు వేయించాడు. కలిపివేయడం కాక వేరుచేయడమే పరిష్కారమన్న ఆయన దృక్పథం ఇక్కడ మొదటిసారి ఒక నగరం మొత్తానికి వర్తించింది. అయితే ఆ వ్యవస్థలో లోపాలు లేకపోలేదు. సన్నని గొట్టాలు తరచుగా పూడుకుపోయాయి. తోటి ఇంజనీర్లు కొందరు దాన్ని తీవ్రంగా విమర్శించారు. తన పద్ధతులకు పేటెంట్లు తీసుకొని లాభం గడిస్తున్నాడన్న ఆక్షేపణ కూడా ఆయన ఎదుర్కొన్నాడు.

ఇంకొక పెద్ద పొరపాటు ఆయన శాస్త్ర జ్ఞానంలోనే ఉంది. రోగాలకు మూలం కుళ్లిన పదార్థాల నుండి, మురుగు కాలువల నుండి వెలువడే చెడు గాలి అని ఆయన గాఢంగా నమ్మాడు. సూక్ష్మజీవుల గురించిన పరిశోధనలు ఐరోపాలో వేగంగా సాగుతున్నా, ఆ విశ్వాసాన్ని ఆయన పూర్తిగా విడిచిపెట్టలేదు. కారణం తప్పుగా గ్రహించినా, ఆయన సూచించిన శుభ్రత మాత్రం జనానికి మేలే చేసింది. ఆ తప్పు చివరికి ఆయనను ఎక్కడికి తీసుకుపోయిందో ముందు ముందు తెలుస్తుంది.

ఇక న్యూయార్క్ సంగతి. 1890ల నాటికి ఆ నగరంలో లక్షకు పైగా గుర్రాలు బండ్లు లాగుతుండేవి. ఒక్కొక్క గుర్రం రోజుకు పది కిలోలకు అటూ ఇటూగా లద్దె వేసేది. చనిపోయిన గుర్రాల కళేబరాలు కొన్ని సమయాల్లో వీధిలోనే పడి ఉండేవి. ఇళ్లలో బొగ్గు పొయ్యిల బూడిద, వంటింటి కుళ్లు, చిరిగిన గుడ్డలు, కాగితాలు అన్నీ ఒకే డబ్బాలో పడేవి. ఆ డబ్బాలు పొంగిపొర్లి కాలిబాటల మీద ఒలికేవి. రాత్రివేళల్లో బండ్లవాళ్లు గుర్రాలను విప్పుకొనిపోయి వేలకొద్దీ ఖాళీ బండ్లను వీధుల్లోనే వదిలేవారు. వాటి కింద ఊడ్చే నాథుడే లేడు. శీతాకాలంలో మంచు, బురద, పేడ కలిసి గడ్డకట్టి కొన్ని పేటల్లో నడవడమే కష్టమయ్యేది. సేకరించిన చెత్తలో అధిక భాగాన్ని పడవల కెత్తి సముద్రంలో గుమ్మరించేవారు. అలలు దాన్ని తిరిగి తీరానికే చేర్చేవి.

ఈ కష్టమంతా ఎక్కువగా అనుభవించింది పేదలు. ఇటలీ, రష్యా, ఐర్లండ్ మొదలైన దేశాల నుండి పొట్టచేత పట్టుకొని వచ్చిన కుటుంబాలు ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉండేవి. వేసవి వచ్చిందంటే ఆ ఇళ్లలో పసిపిల్లలు అతిసారంతో పిట్టల్లా రాలిపోయేవారు. ధనికులు తమ వీధులను సొంత ఖర్చుతో ఊడ్పించుకోగలిగేవారు. పేదలకు ఆ వెసులుబాటు లేదు. వీధులు ఊడ్చే శాఖకు డబ్బు లేకపోలేదు. నగర రాజకీయాలను శాసిస్తున్న టమనీ హాల్ అనే వర్గం ఆ శాఖను తన అనుచరులకు ఉద్యోగాలు పంచే సాధనంగా మార్చివేసింది. చీపురు పట్టనివారికి జీతాలు అందేవి. పనిచేసేవారికి గౌరవం ఉండేది కాదు.

1894 ఎన్నికల్లో ప్రజలు ఆ వర్గాన్ని ఓడించి, సంస్కరణలు వాగ్దానం చేసిన విలియం స్ట్రాంగ్‌ను మేయరుగా ఎన్నుకున్నారు. వీధుల శుభ్రత శాఖకు కమిషనర్ పదవిని ఆయన మొదట థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు ఇవ్వజూపాడు. ఆ తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్ట్ ఆ పదవిని స్వీకరించలేదు. అప్పుడు వేరింగ్‌ను పిలిచారు. ఆయన వయస్సు అప్పటికి అరవై ఒకటి. తన శాఖ వ్యవహారాల్లో మేయరుతో సహా ఎవరూ జోక్యం చేసుకోరాదన్న షరతు మీద ఆయన 1895 జనవరిలో బాధ్యతలు స్వీకరించాడు.

ఆరంభంలోనే ఆయనకు చిక్కు ఎదురైంది. పింఛన్ల విషయంలో మాజీ సైనికుల సంఘాన్ని కించపరిచేవిధంగా మాట్లాడాడని పెద్ద దుమారం చెలరేగింది. ఆయనను తొలగించాలని పట్టుబట్టినవారు లేకపోలేదు. వేరింగ్ మాట తూలే స్వభావం కలవాడు. మొండివాడు కూడా. కాని మేయరు ఆయన వెంట నిలిచాడు. వేరింగ్ పనిలో మునిగిపోయాడు. సిఫారసులతో వచ్చిన పర్యవేక్షకులను తొలగించి, వారి స్థానంలో ఇంజనీరింగ్ తెలిసినవారిని, సైనిక శిక్షణ పొందినవారిని నియమించాడు. చీపురు పట్టిన కార్మికుడు ఏ పార్టీకి చెందినవాడని అడగలేదు. పని చేస్తున్నాడా లేదా అన్నదే చూశాడు. ప్రతి కార్మికునికీ ఇంత మేర వీధి అని హద్దులు నిర్ణయించాడు. వీధుల్లో వదిలేసిన బండ్లను కఠినంగా తొలగింపజేశాడు.

కార్మికులకు ఆయన తెల్లని దుస్తులు, తెల్లని టోపీలు ఇచ్చాడు. వీధులు ఊడ్చేవారికి తెల్లబట్టలేమిటని నగరం నవ్వింది. పత్రికలు వ్యంగ్య చిత్రాలు వేశాయి. కార్మికులు కూడా మొదట్లో సిగ్గుపడ్డారు. వేరింగ్ ఉద్దేశం వేరు. తెలుపు వైద్యుని రంగు, శుభ్రతకు చిహ్నం. పైగా తెల్లబట్టల్లో ఉన్నవాడు పని మాని మూలన కూర్చుంటే దూరం నుండే కనబడతాడు. క్రమంగా ఆ నవ్వు మెప్పుగా మారింది. ప్రజలు వారిని తెల్లరెక్కలవారు అని ముద్దుగా పిలవసాగారు. 1896 మే నెలలో ఆ కార్మికులు చీపుర్లతో, చెత్తబండ్లతో, వాద్యాలతో నగర ప్రధాన వీధిలో కవాతు చేశారు. గుర్రమెక్కి ముందు నడిచినవాడు వేరింగ్. అప్పటిదాకా తల వంచుకొని బతికిన మనుషులు ఆ రోజు తల ఎత్తి నడిచారు. వారిని చూడడానికి నగరమంతా బారులు తీరింది.

గౌరవం దుస్తులతోనే పూర్తి కాదని వేరింగ్‌కు తెలుసు. కార్మికులు తమలో నుండి నలభై ఒక్క మందిని ప్రతినిధులుగా ఎన్నుకొనే ఏర్పాటు చేశాడు. వారు సమావేశమై తోటివారి ఫిర్యాదులను చర్చించేవారు. అక్కడ తేలని విషయాలను కార్మికుల ప్రతినిధులు, అధికారులు సమాన సంఖ్యలో ఉండే మరొక సంఘం పరిశీలించేది. కార్మిక సంఘాలను యజమానులు శత్రువులుగా చూస్తున్న ఆ రోజుల్లో ఇది సాహసోపేతమైన చర్య. ఫిర్యాదులలో చాలా భాగం కమిషనర్ వరకు రాకుండానే పరిష్కారమయ్యాయి.

వీధులు శుభ్రపడ్డాయి. నాలుగు వందల మైళ్లకు పైబడిన వీధులను ఊడ్చే క్రమం ఏర్పడింది. మారుమూల పేదల పేటలకు సైతం చీపురు చేరింది. ఒకే వీధిని 1893లోను, 1895లోను తీసిన ఛాయాచిత్రాలను పత్రికలు పక్కపక్కన ముద్రించాయి. మొదటి చిత్రంలో చెత్తకుప్పలు, రెండవదానిలో చక్కని రాతిబాట. పేదల బతుకులను ఛాయాచిత్రాల ద్వారా లోకానికి చూపిన జేకబ్ రీస్ వంటివారు వేరింగ్ కృషిని మనసారా కొనియాడారు.

అయితే ఊడ్చిన చెత్త ఎక్కడికి పోవాలన్న మూలప్రశ్న అలాగే మిగిలింది. నిజానికి వేరింగ్ ప్రతిభ ప్రకాశించింది ఇక్కడే. చెత్త ఒకే పదార్థం కాదని ఆయన గుర్తించాడు. అది అనేక పదార్థాల కలగూరగంప. బూడిద విడిగా ఉంటే పల్లాన్ని పూడ్చడానికి పనికివస్తుంది. వంటింటి కుళ్లు విడిగా ఉంటే దాని నుండి కొవ్వు, ఎరువు లభిస్తాయి. కాగితం, గుడ్డ, లోహం విడిగా ఉంటే అమ్ముకోవచ్చు. ఈ మూడూ ఒకే డబ్బాలో కలిసినప్పుడు మాత్రం దేనికీ పనికిరావు. కాగితం తడిసి కుళ్లుతుంది. కుళ్లులో బూడిద కలిసి ఎరువుకు పనికిరాకుండా పోతుంది. అంటే వస్తువును వ్యర్థంగా మార్చేది పారవేయడం కాదు, కలిపివేయడం. ఈ ఒక్క సత్యం మీద ఆయన తన ప్రణాళికను నిలబెట్టాడు.

చెత్తను వేరుచేయాలన్న ఆలోచన ఆయనతోనే పుట్టలేదు. పారిస్ నగరంలో యూజీన్ పుబెల్ అనే అధికారి 1880లలోనే ఇళ్లవారు వేర్వేరు డబ్బాలు వాడాలని ఉత్తర్వు జారీచేశాడు. వేరింగ్ కూడా 1896లో ఐరోపా నగరాలను సందర్శించి అక్కడి పద్ధతులను పరిశీలించాడు. ఆ సంవత్సరమే న్యూయార్క్‌లో నిబంధన అమలులోకి వచ్చింది. ప్రతి ఇంటివారు బూడిదను ఒక డబ్బాలో, వంటింటి చెత్తను మరొక డబ్బాలో ఉంచాలి. కాగితాలు, గుడ్డలు మొదలైన పొడి వస్తువులను విడిగా మూటకట్టాలి. నిబంధనను కాగితం మీద ప్రకటించి ఊరుకోలేదు. పోలీసులను ఇంటింటికీ పంపి వివరింపజేశాడు. అర్థంకాక చేయనివారికి నచ్చజెప్పడం, అర్థమై కూడా చేయనివారిని శిక్షించడం ఆయన విధానం.

వేరుచేసిన ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క గమ్యం ఏర్పడింది. బూడిదను రైకర్స్ ద్వీపానికి తరలించి, గట్లు కట్టి, నీటి అంచున కొత్త నేలను సృష్టించారు. వంటింటి చెత్త బారెన్ ద్వీపంలోని కర్మాగారానికి చేరింది. అక్కడ దాన్ని ఆవిరితో ఉడికించి, పిండి, కొవ్వును వేరుచేసేవారు. కొవ్వు సబ్బు తయారీకి పోయేది. మిగిలిన పిప్పి ఎరువుగా మారేది. పొడి చెత్తను ఏరి, కాగితం, గుడ్డ, లోహం మొదలైనవాటిని విడదీసి అమ్మేవారు. ఇలా ఏరివేసే కేంద్రం 1898 నాటికి ఏర్పడింది. అమెరికాలో అటువంటి తొలి కేంద్రాలలో అది ఒకటి. అంతకు ముందు ఈ ఏరివేత పని గుత్తేదారుల చేతిలో ఉండేది. నిరుపేద ఇటాలియన్ వలసకూలీలు పడవలపై కుళ్లు మధ్య నిలబడి గుడ్డలు, ఎముకలు ఏరేవారు. లాభం గుత్తేదారుకు దక్కేది. ప్రజల చెత్తలో విలువ ఉంటే అది ప్రజల ఖజానాకే చేరాలని వేరింగ్ వాదించాడు.

ఈ ఏర్పాట్లు సర్వాంగసుందరంగా సాగాయని చెప్పడం సత్యదూరం అవుతుంది. బారెన్ ద్వీపం నుండి వెలువడే దుర్వాసన సమీప ప్రాంతాలవారిని ఎంతగానో బాధించింది. వారు ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు. ఒక పేట శుభ్రపడడానికి మరొక పేట దుర్గంధాన్ని భరించవలసి రావడం నగర ప్రణాళికలో నేటికీ తీరని సమస్యగానే ఉంది. అయినా సముద్రంలో గుమ్మరించే చెత్త బాగా తగ్గింది.

వేరింగ్ దృష్టి పిల్లల మీదికి కూడా పోయింది. వలస కుటుంబాల్లో చాలామంది తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాదు. నగర నిబంధనలు వారికి తెలియవు. వారి పిల్లలు మాత్రం బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. ఆ పిల్లలతో ఆయన బాలల వీధి శుభ్రతా సంఘాలను ఏర్పాటు చేయించాడు. సభ్యులకు బిళ్లలు ఇచ్చారు. పిల్లలు తమ వీధిలో కాగితాలు, తొక్కలు ఏరేవారు. పెద్దలు చెత్త విసిరితే మర్యాదగా వారించేవారు. ఇంటికి పోయి చెత్త డబ్బాల సంగతి తల్లికి తన భాషలో వివరించేవారు. చట్టం చొరబడలేని చోటికి పిల్లవాడు ప్రవేశించగలడని ఈ ప్రయోగం రుజువు చేసింది.

ఫలితాలు అంకెల్లో కూడా కనిపించాయి. 1882 నుండి 1894 వరకు న్యూయార్క్‌లో ఏటా వెయ్యి మందికి సగటున దాదాపు 27 మంది మరణిస్తుండగా, 1897 ప్రథమార్ధం నాటికి ఆ రేటు 20 కంటె తగ్గినట్లు వేరింగ్ తన గ్రంథంలో లెక్కచూపాడు. ఆ తగ్గుదల అంతా చీపురు వల్లనే సంభవించిందని చెప్పలేము. ఆరోగ్య శాఖ చేపట్టిన చర్యలకు కూడా అందులో భాగముంది. కాని లక్షల జనాభాగల నగరంలో ఆ తేడా విలువ వేలాది ప్రాణాలు. వాటిలో పసిప్రాణాలెన్నో ఉన్నాయి.

ఇంతటి మార్పును చూసిన ప్రజలు కూడా 1897 ఎన్నికల్లో టమనీ హాల్ వర్గాన్నే తిరిగి గెలిపించారు. వేరింగ్ పదవీకాలం ముగిసింది. మూడేళ్లలో ఆయన చేసిన పని అప్పటికి పూర్తి కాలేదు.

1898లో అమెరికాకు, స్పెయిన్‌కు మధ్య యుద్ధం జరిగింది. క్యూబా ద్వీపం అమెరికా అధీనంలోకి రానున్నది. దాని రాజధాని హవానాలో పచ్చజ్వరం తరతరాలుగా తిష్ఠవేసి ఉంది. అక్కడి పారిశుద్ధ్య పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇవ్వవలసిందిగా అధ్యక్షుడు మెకిన్లీ ప్రభుత్వం వేరింగ్‌ను కోరింది. అరవై అయిదేళ్ల వయస్సులో ఆయన బయలుదేరాడు. అక్టోబరు నెలలో హవానా వీధులు, కాలువలు, ఇళ్లు తిరిగి పరిశీలించాడు. ఓడలో తిరిగివస్తూ నివేదికకు రూపమివ్వసాగాడు. న్యూయార్క్ చేరిన కొద్దిరోజులకే అక్టోబరు 29వ తేదీన పచ్చజ్వరంతో కన్నుమూశాడు. రోగం వ్యాపిస్తుందన్న భయంతో ఆయన దేహాన్ని బంధుమిత్రులు సమాధి చేసుకునే వీలులేక, రోగులను వేరుగా ఉంచే ఒక చిన్న ద్వీపంలో దహనం చేశారు.

ఆ జ్వరానికి కారణం ఆయన నమ్మిన చెడు గాలి కాదు, దోమ. ఈ సంగతిని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే ఊహించాడు. ఎవరూ నమ్మలేదు. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ శరీరంలో మలేరియా క్రిమిని కనుగొని, దోమకూ జ్వరానికీ గల సంబంధాన్ని బయటపెట్టాడు. వేరింగ్ మరణించిన రెండేళ్లకు, 1900లో, వాల్టర్ రీడ్ బృందం హవానాలోనే పచ్చజ్వరాన్ని దోమలు వ్యాపింపజేస్తాయని నిరూపించింది. దోమలను నిర్మూలించడంతో మరుసటి సంవత్సరమే ఆ నగరం జ్వరం నుండి బయటపడింది. రెండు మూడేళ్లు ఆలస్యంగా ఆ ప్రయాణం జరిగి ఉంటే, ఒక దోమతెర ఆయన ప్రాణాన్ని కాపాడి ఉండేది.

ఆయన తరువాత న్యూయార్క్ వేరుచేసే పద్ధతిని కొంతకాలం కొనసాగించి, క్రమంగా సడలించింది. 1918 తరువాత చెత్తను మళ్లీ సముద్రంలో పారవేయసాగింది. తమ తీరాలు పాడవుతున్నాయని పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీ న్యాయస్థానానికెక్కగా, సుప్రీం కోర్టు తీర్పు ఫలితంగా 1934లో గాని ఆ అలవాటు ఆగలేదు. తరువాత చెత్తను పల్లాల్లో గుట్టలుగా పోశారు. చివరికి 1989లో ఇంటివద్దనే చెత్తను వేరుచేయడాన్ని తప్పనిసరి చేస్తూ నగరం చట్టం చేసింది. వేరింగ్ 1896లో మొదలుపెట్టిన పనికి ఆ నగరం తిరిగి చేరుకోవడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. మన దేశంలో సైతం 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త, ఇళ్లలోని ప్రమాదకరమైన చెత్త అంటూ మూడు భాగాలుగా వేరుచేయడాన్ని ఇంటివారి బాధ్యతగా పేర్కొన్నాయి.

వేరింగ్ మహాశాస్త్రవేత్త కాదు. ఆయన నమ్మిన సిద్ధాంతం తప్పని కాలం తేల్చింది. లోపాలు లేని మనిషీ కాదు. కాని నగరాన్ని శుభ్రపరచే పని యంత్రాలతోనే ముగియదని ఆయన గ్రహించాడు. ఊడ్చేవానికి గౌరవం, ఇంటివారికి బాధ్యత, పిల్లలకు అవగాహన, ప్రతి శేషానికి తగిన చోటు - ఈ నాలుగూ కలిసినప్పుడే ఏ ప్రణాళికైనా నిలబడుతుంది. వీటిలో ఒకటి సడలినా చెత్త తిరిగి వీధిలోకే వస్తుంది. ఆయన మూడేళ్ల పాలన, ఆ తరువాతి తొంభై ఏళ్ల చరిత్ర ఈ విషయాన్నే చాటుతున్నాయి. తెల్లవారుజామున వీధి ఊడ్చే కార్మికుని చూసినప్పుడు, వంటింట్లో రెండు డబ్బాల మధ్య చేయి ఒక్క క్షణం ఆగినప్పుడు, ఆ కల్నల్ సాగించిన పోరాటం ఇంకా ముగియలేదని గుర్తుకు వస్తుంది.